రెండు దీవుల నడుమ ఆకాశమార్గం

ఇటీవల ఆషాఢమాసంలో ఒక సాయంకాలం వెలిమెల గ్రామానికి పోవలసివచ్చినది. పటాన్‌చెరు, రామచంద్రాపురం పారిశ్రామిక వాడలకు చేరువగా, సంగారెడ్డి జిల్లాలో ఉన్న ఊరు అది. పని ముగించుకొని తిరిగి బయలుదేరబోతూ ఉండగా, అరుగుమీద కూర్చున్న ఒక పెద్దాయన నన్ను పిలిచి, పక్కన కూర్చుండబెట్టుకొని, ఇట్లా అడిగినాడు:

"సారూ, మీరు రేడియోల చెప్పేటోళ్లు గద. నాకొక లెక్క చెప్పుండ్రి. కారు నికోబారు నుంచి పోర్టుబ్లేరుకు ఎంత తొవ్వ? ఇమానంల ఎంతసేపు పడుతది?"

భూగోళశాస్త్రపు ప్రశ్నగా తోచి, నాకు తెలిసిన అంకెలు చెప్పినాను. ఆయన వ్రేళ్ళు మడిచి కూడుకొన్నాడు. పిమ్మట నెమ్మదిగా అన్నాడు: "అంతా కలిపితె పూట తొవ్వనే కాకపాయె. మరి మా పిల్లగాడు మూడోనాటికి ఎందుకొచ్చిండు?"

అప్పుడు సంగతి తెలిసినది. ఆయన భార్య పది దినాల క్రితం కాలం చేసినది. ఆమె పెంచిన మనుమడు కారు నికోబారు దీవిలో ప్రభుత్వ బడిలో ఉపాధ్యాయుడు. తెల్లవారుజామున ఆమె కన్నుమూసిన కొద్ది నిమిషాలకే అతనికి వార్త తెలిసినది. అయినా నాయనమ్మ చివరిచూపుకు అతడు అందలేదు. మూడవ దినం ఉదయం పిట్టకు పెట్టే వేళకూ అందలేదు. ఆ సాయంకాలం దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరినాడు. ఊరిలో నలుగురూ నాలుగు మాటలు అన్నారు. పెద్దాయన ఏమీ అనలేదు గాని, లెక్క మాత్రం మనసులో ముల్లయి నిలిచినది.

ఆ లెక్కయే నేటి నా ప్రసంగవిషయం. రెండు దీవుల విమానాశ్రయాల నడుమ దూరమెంత, ప్రయాణకాలమెంత అన్న ప్రశ్నకు పుస్తకం చెప్పే జవాబొకటి, సముద్రం చెప్పే జవాబొకటి. రెండూ నిజమే. ఆ రెండింటి నడుమ ఎంత ఎడమున్నదో తెలియనప్పుడే మనం మనవారిని తప్పుపడతాము.

ముందుగా ఆ దీవులు ఎక్కడున్నవో చూతము. బంగాళాఖాతానికి తూర్పు అంచున ఉత్తర దక్షిణాలుగా వరుసతీరి ఉన్నవి అండమాన్, నికోబార్ దీవులు. ఉత్తరాన ఉన్నవి అండమానులు. దక్షిణాన ఉన్నవి నికోబారులు. ఈ రెంటినీ వేరుచేసే లోతైన జలసంధిమీదుగా పదవ అక్షాంశరేఖ పోతున్నది. అందుచేతనే దానికి పది డిగ్రీల జలసంధి అని పేరు. జలసంధికి ఉత్తరాన దక్షిణ అండమానులో పోర్టుబ్లేరు నగరం ఉన్నది. 2024 సెప్టెంబరులో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చినారు గాని, జనం నోట ఇంకను పాతపేరు నిలిచియే ఉన్నది. జలసంధికి దక్షిణాన మొదట తగిలే పెద్ద దీవి కారు నికోబారు. కొబ్బరితోటలతో నిండిన చదునైన దీవి అది; నికోబార్ జిల్లాకు కేంద్రం.

ఆ దీవులు మనకు పరాయివి కావు. 2011 జనగణన ప్రకారం అండమాన్, నికోబార్ దీవుల జనాభాలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలనుండి పోయి అక్కడ చేపలవేటతో స్థిరపడిన కుటుంబాలున్నవి. కూలిపనులకు, వ్యాపారాలకు, ఉద్యోగాలకు పోయినవారున్నారు. కాబట్టి వెలిమెల పెద్దాయన ప్రశ్న తెలుగునాట ఎన్నో ఇళ్లవారిది.

ఇక దూరం సంగతి. ఈ రెండు విమానాశ్రయాల నడుమ దూరం కనుగొనుటకు పెద్ద గణితం అక్కరలేదు. ఏలనగా రెండూ దాదాపు ఒకే రేఖాంశంమీద, ఒకదానికింద ఒకటిగా ఉన్నవి. పోర్టుబ్లేరు విమానాశ్రయం ఉత్తర అక్షాంశం 11 డిగ్రీల 38 నిమిషాలు. కారు నికోబారు విమానాశ్రయం 9 డిగ్రీల 9 నిమిషాలు. తేడా 2 డిగ్రీల 29 నిమిషాలు, అనగా 149 నిమిషాలు. ఓడవాండ్రకును, విమానచోదకులకును ఒక చక్కని సూత్రమున్నది: ఉత్తర దక్షిణాలుగా అక్షాంశంలో ఒక నిమిషం తేడా ఉంటే దూరం ఒక నాటికల్ మైలు. ఈ మైలు పుట్టుకే ఆ విధంగా జరిగినది. నేడు దానిని సరిగా 1852 మీటర్లుగా నిర్ణయించినారు. కనుక ఆ రెండు విమానాశ్రయాల నడుమ దూరం సుమారు 149 నాటికల్ మైళ్లు. మన లెక్కలో సుమారు 276 కిలోమీటర్లు.

276 కిలోమీటర్లంటే మనకు బాగా తెలిసిన దూరమే. హైదరాబాదునుండి విజయవాడకు రోడ్డుదారి ఇంచుమించు అంతే. ఈ పోలికను మనసులో ఉంచుకొనవలసినదిగా శ్రోతలను కోరుతున్నాను. దీనితో తరువాత పనిపడుతుంది.

దూరం తెలిసినది గనుక కాలం లెక్కవేయుట సులభమే అనిపిస్తుంది. పెద్ద జెట్ విమానం పైకి లేచిన తరువాత గంటకు సుమారు 800 కిలోమీటర్లు పోగలదు. 276ను 800తో భాగిస్తే 21 నిమిషాలు. ఇది కాగితంమీది జవాబు. కాని ఏ విమానమూ నేల విడిచిన క్షణాన ఆ వేగం అందుకొనదు. రన్‌వే చివరకు నేలమీద నడిచి పోవలెను. ఎగిరిన పిమ్మట మెల్లగా ఎత్తుకు ఎక్కవలెను. గమ్యం సమీపించకముందే వేగం తగ్గించుకొని దిగనారంభించవలెను. ఇంత చిన్న దూరంలో ఎక్కుట ముగియగానే దిగుట మొదలవుతుంది. అందువలన 21 నిమిషాల దూరానికి ముప్పావు గంటైనా పడుతుంది. దగ్గరి ఊళ్ల నడుమ విమానకాలం దూరంతోపాటు తగ్గకపోవుటకు కారణమిదే.

అయినా ఈ లెక్క కూడా ఆ దీవిలోని బడిపంతులుకు వర్తించదు. కారు నికోబారులోని విమానాశ్రయం భారత వైమానికదళానిది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో దీవులు జపాను వారి చేతిలో ఉన్నప్పుడు అక్కడ తొలుత విమానాలు దిగే బాట వేసినారు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీలో ఆ స్థావరం ఘోరంగా దెబ్బతిన్నది. వైమానికదళంవారు, వారి కుటుంబాలవారు వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. అంతటి విపత్తులోను దీవికి సహాయం ఆకాశమార్గాన అక్కడికే వచ్చి దిగినది. ఆ రన్‌వే ప్రధానంగా రక్షణ అవసరాల కోసం ఉన్నది. సామాన్యులు పోర్టుబ్లేరుకు రావలెనంటే ఎక్కువగా ఆశ్రయించేది హెలికాప్టరును, ఓడను.

హెలికాప్టరు గంటకు సుమారు 230 కిలోమీటర్లు పోతుందనుకొంటే, 276 కిలోమీటర్లకు గంటా పన్నెండు నిమిషాలు. ఎక్కుట, దిగుట కలిపి గంటన్నర అనుకొందము. ఓడ గంటకు 12 నాటికల్ మైళ్లు పోతుందనుకొంటే, 149 మైళ్లకు పన్నెండున్నర గంటలు. రేవు విడుచుట, రేవు చేరుట కలిపితే ఒక రాత్రి పూర్తిగా అందులోనే గడుస్తుంది. చూడండి: దూరం అదే 276 కిలోమీటర్లు. కాని జెట్ విమానానికి ముప్పావు గంట, హెలికాప్టరుకు గంటన్నర, ఓడకు ఒక రాత్రి.

ఇక పోర్టుబ్లేరునుండి హైదరాబాదుకు. శంషాబాదు విమానాశ్రయానికి అక్కడనుండి నేరుగా గీతగీస్తే సుమారు 1660 కిలోమీటర్లు. గంటకు 830 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి సరిగా రెండు గంటలు. ఎక్కుటకు దిగుటకు పట్టే కాలం వేరు. ఈ మార్గం ఉత్తర దక్షిణాలుగా గాక తూర్పు పడమరలుగా ఉన్నది గనుక ఇందులో మరొక విశేషమున్నది. అది గాలి.

వర్షకాలంలో మన దేశపు దక్షిణభాగంమీద చాలా ఎత్తున తూర్పునుండి పడమటికి మహావేగంతో ఒక గాలిప్రవాహం సాగుతుంది. నేలమీద నైఋతిగాలి వీస్తూ ఉండగానే పైన దానికి ఎదురుదిక్కుగా ఈ ప్రవాహం నడుస్తుంది. దీనిని లోకానికి వివరించిన శాస్త్రజ్ఞుడు మన తెలుగువాడే. నెల్లూరు ప్రాంతానికి చెందిన పంచేటి కోటేశ్వరంగారు 1958లో దీనినిగురించి ప్రకటించిన వ్యాసం ప్రపంచ వాతావరణశాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించినది. తరువాత ఆయన భారత వాతావరణశాఖకు అధిపతి కూడా అయినారు. ఈ ప్రవాహపు నడిబొడ్డు పద్నాలుగు కిలోమీటర్ల ఎత్తు ప్రాంతాన ఉంటుంది. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పోయే విమానాలకు కూడా దాని తాకిడి తెలుస్తుంది.

ఆ గాలి గంటకు 70 కిలోమీటర్ల వేగంతో వీస్తున్నదనుకొందము. హైదరాబాదునుండి పోర్టుబ్లేరుకు పోయే విమానానికి అది ఎదురుగాలి. నేలమీది లెక్కకు విమానవేగం 830 నుండి 760కి తగ్గుతుంది. ప్రయాణానికి 2 గంటల 11 నిమిషాలు పడుతుంది. తిరిగివచ్చేటప్పుడు అదే గాలి వెనుకనుండి తోస్తుంది. వేగం 900 అవుతుంది. 1 గంట 51 నిమిషాలలో వచ్చి చేరుతుంది. పోవు దూరము, వచ్చు దూరము ఒక్కటే. కాలంలో మాత్రం 20 నిమిషాల తేడా. ఆషాఢంలో వెలిమెలకు వచ్చిన ఆ మనుమడికి కోటేశ్వరంగారి గాలి పది నిమిషాల మేలు చేసియే ఉంటుంది.

గాలితోపాటు వెలుతురును కూడా లెక్కలోనికి తీసుకొనవలెను. పోర్టుబ్లేరు మనకు సుమారు పద్నాలుగు డిగ్రీలు తూర్పున ఉన్నది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు మనకంటె ఇంచుమించు గంట ముందుగా నడినెత్తికి వస్తాడు. కాని గడియారం మనదే. దేశమంతటికి ఒకే కాలమానం. కాబట్టి డిసెంబరులో సాయంకాలం అయిదు గంటల ప్రాంతానికే అక్కడ ప్రొద్దు క్రుంకుతుంది. మనకు ఇంకను పగలు మిగిలి ఉండగానే అక్కడ దీపాలు వెలుగుతాయి. వెలుతురును, మబ్బును చూచుకొని ఎగురవలసిన హెలికాప్టరుకు ఆ గంట చిన్నది కాదు. పోర్టుబ్లేరు విమానాశ్రయానికి ఇంకొక చిక్కున్నది. రన్‌వేకు ఒక చివర గుట్ట అడ్డుగా ఉండుటచేత విమానాలు సాధారణంగా ఒకే దిక్కునుండి వచ్చి దిగి, మరల ఆ దిక్కుకే ఎగిరిపోతాయి. గాలి వాటంగా లేనప్పుడు రెండవ చివరనుండి దిగుదమనే వీలుండదు.

ఇంతవరకు మనం చూచినది కదలికకు పట్టే కాలం. కారు నికోబారునుండి పోర్టుబ్లేరుకు హెలికాప్టరులో గంటన్నర, అక్కడనుండి శంషాబాదుకు రెండుంబావు గంటలు, శంషాబాదునుండి వెలిమెలకు ఔటర్ రింగు రోడ్డుమీద సుమారు 40 కిలోమీటర్లు, ఒక గంట. అంతా కలిపి అయిదు గంటలకు లోపే. పెద్దాయన వ్రేళ్లమీద కూడుకొన్నది ఇదే. ఆయన కూడిక తప్పు కాదు. అందులో ఒక అంకె లేదు, అంతే. ఆ అంకె పేరు నిరీక్షణ.

ఇప్పుడు హైదరాబాదు విజయవాడల పోలికను గుర్తుచేసుకొందము. ఆ దారిలో పోవలసినవానికి ఒక బస్సు తప్పితే మరొక బస్సు ఉన్నది. బస్సు లేకుంటే రైలున్నది. రైలు తప్పితే ఎవరి కారులోనో, లారీలోనో ఎక్కవచ్చును. నడిరాత్రి బయలుదేరినా తెల్లవారేసరికి చేరవచ్చును. కాబట్టి నేలమీది మనిషి "276 కిలోమీటర్లు" అనగానే "అయిదారు గంటలు" అని అనువాదం చేసుకొంటాడు. ఆ అనువాదం నేలమీదనే చెల్లుతుంది. సముద్రంమీద ఎవరూ నడచిపోలేరు. వాహనం ఉన్ననాడే దారి ఉన్నది. లేనినాడు దారియే లేదు. హెలికాప్టరులో ఉండేవి కొద్దిపాటి స్థానాలు. ఓడ ప్రతిదినమూ ఉండదు. మబ్బు క్రమ్మితే మొదటిది ఆగుతుంది. సముద్రం పొంగితే రెండవది ఆగుతుంది. దీవిలో ప్రయాణకాలమంటే గాలిలో ఉన్న గంటన్నర కాదు; గడపదాటిన క్షణంనుండి చక్రం కదిలేవరకు గడిచే కాలం కూడా అందులోనిదే.

ఇది మన దీవులకు మాత్రమే ఉన్న కష్టం కాదు. హిందూమహాసముద్రంలో మారిషస్ దీవి ఉన్నది. పంతొమ్మిదవ శతాబ్దంలో చెరకుతోటల కూలీలుగా పోయిన తెలుగువారి సంతతి నేటికీ అక్కడ ఉగాది పండుగ చేసుకొంటున్నది. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగినది అక్కడనే. ఆ దేశానికే చెందిన రోడ్రిగ్స్ అనే చిన్న దీవి దానికి తూర్పున, విమానాశ్రయంనుండి విమానాశ్రయానికి సుమారు 600 కిలోమీటర్ల దూరాన ఉన్నది. పంకాలు తిరిగే చిన్న విమానంలో గంటన్నర ప్రయాణం. రోడ్రిగ్స్‌లో జబ్బు ముదిరినవానిని మారిషస్ ఆసుపత్రికి చేర్చవలెనంటే ఆ గంటన్నర దారియే ఆధారం. తుఫాను వచ్చి విమానాలు ఆగిననాడు 600 కిలోమీటర్లన్న అంకె మారదు. కాని ఆ దీవి మాత్రం ఎంతో దూరమైపోతుంది.

మరల వెలిమెలకు వత్తము. మేము మాట్లాడుకొంటూ ఉండగా ఆ మనుమడు లోపలినుండి చాయ తెచ్చి ఇచ్చినాడు. ముప్పై దాటని యువకుడు. నేను కాగితం, పెన్సిలు తీసుకొని ఆ మూడు దినాలు ఎట్లా గడిచినవో చెప్పమన్నాను. మొదట మొగమాటపడినాడు, తరువాత చెప్పినాడు.

మొదటిదినం వార్త తెలిసిన గంటలో హెలికాప్టరు స్థలానికి పోయినాడు. ముసురు పట్టి ఉన్నది. ఆ దినం హెలికాప్టరు రానేలేదు. ఓడ కూడా లేదు. సాయంకాలం వెలిమెలలో దహనం జరిగినది. రెండవదినం మబ్బు విడిచినది, హెలికాప్టరు వచ్చినది. అతని పేరు జాబితాలో ఉన్నది. కాని ఎక్కబోయే ముందు ఆసుపత్రినుండి ఒక నిండుచూలాలిని తెచ్చినారు. ఆమెను పడుకోబెట్టవలెను, తోడుగా నర్సు రావలెను. కొందరు దిగవలసివచ్చినది. దిగినవారిలో ఇతడొకడు. రోగులకు మొదటి స్థానమన్నది అక్కడ అందరూ ఒప్పుకొన్న ధర్మం. ఆ సాయంకాలం ఓడ దొరికినది. రాత్రంతా సముద్రంమీద గడిచినది. మూడవదినం ఉదయం పోర్టుబ్లేరు రేవులో దిగినాడు. మధ్యాహ్నపు విమానంలో స్థానం దొరికినది. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరినాడు.

కాగితంమీద కూడి చూచినాను. గాలిలోను, నీటిమీదను, రోడ్డుమీదను కదలిన కాలం పదిహేడు గంటల చిల్లర. తక్కిన నలభై గంటలకు పైగా నిరీక్షణ. ఆ నలభై గంటలలో అతడు సోమరిగా కూర్చున్నది ఒక్క క్షణం లేదు.

"ఇదంతా తాతకు ఎందుకు చెప్పలేదయ్యా?" అని అడిగినాను.

"చచ్చిపోయిన మనిషి ఇంట్ల, నా సీటు పోయిందని ఏం చెప్పుకోను సార్?" అన్నాడు.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మనుమని వైపు చూచి, "ఆ పిల్ల ఎట్లున్నదిరా?" అని అడిగినాడు.

"మంచిగనే ఉన్నది తాతా. ఆడపిల్ల పుట్టింది."

"మంచిగైంది" అన్నాడు పెద్దాయన. మరల ఆ లెక్క ప్రసక్తి తేలేదు.

తిరిగివస్తూ దారిలో ఈ సంగతినే ఆలోచించినాను. ఒకప్పుడు ఇట్టి అపార్థానికి తావు ఉండేది కాదు. దీవికి పోయినవాని ఉత్తరం రావటానికే వారాలు పట్టేది. విశాఖపట్నంనుండి పోర్టుబ్లేరుకు ఓడలో రెండు పగళ్లు, రెండు రాత్రులు దాటి ప్రయాణం. నేటికీ ఓడమీద పోయేవారికి అంతే. మనిషి ఎంత దూరాన ఉన్నాడో వార్త ఆలస్యమే చెప్పేది. 2020 ఆగస్టు 10న చెన్నైనుండి పోర్టుబ్లేరుకు, అక్కడనుండి కారు నికోబారు మొదలైన దీవులకు సముద్రగర్భాన వేసిన తంతి ప్రారంభమైనది. దాని పొడవు సుమారు 2300 కిలోమీటర్లు. అది దీవులవారికి గొప్ప మేలు చేసినదనుటలో సందేహం లేదు. నేడు వెలిమెలలో అరుగుమీద కూర్చున్న తాత ఫోనులో మనుమని ముఖం చూస్తూ మాట్లాడగలడు. వార్తకు కాలం పట్టుట లేదు. మాటకు కాలం పట్టుట లేదు. అందుచేత మనిషికి కూడా పట్టదని మనకు తెలియకుండానే మనం అనుకొంటున్నాము. చేతికి అందేటంత దగ్గరగా కనిపించినవాడు గడపలోనికి రాకపోతే, రాలేదని గాక, రాదలచుకోలేదని తోస్తుంది.

కాబట్టి దీవులలో బిడ్డలున్న తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు అని అడుగుట మంచిదే. కాని దానితోపాటు ఇంకొక మూడు ప్రశ్నలు అడిగి తెలుసుకొనండి. వారానికి ఎన్నిసార్లు పోవుటకు వీలున్నది? ఏ కాలంలో అది ఆగిపోతుంది? ఒకటి ఆగితే రెండవ దారి ఏది? ఈ మూడింటికి జవాబులు తెలిసిన ఇంట అపనిందకు చోటుండదు. రావలసినవారికి కూడా ఒక మాట: మీరు పడిన పాట్లు ఇంటివారికి చెప్పండి. చెప్పుట సాకు కాదు. నేలమీద ఉన్నవారికి సముద్రం సంగతి మీరు చెప్పకపోతే మరెవరు చెప్పగలరు?

రెండు దీవుల విమానాశ్రయాల నడుమ దూరం 276 కిలోమీటర్లు. ఎగిరిననాడు గంటన్నర. ఎగరనినాడు ఎంతో ఎవరూ చెప్పలేరు. ఇదీ వెలిమెల పెద్దాయన లెక్కకు జవాబు.